హెచ్‌ఐవీ మందులు మొదలయ్యాక మళ్ళీ తలనొప్పి వస్తే: మెదడు ఫంగస్ నుంచి తేరుకున్నవాళ్ళు ఏం చేయాలి?

"సిస్టరమ్మా, మందులు మొదలెట్టాకే ఎక్కువైపోనాది. ఆపీమంటారా?"

వార్డులో పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న వినని నెల లేదు. రిటైరయ్యి విశాఖలో ఇంటిపట్టున ఉంటున్నా ఫోన్లో ఇదే అడుగుతున్నారు. కథ దాదాపు ఒకటే ఉంటుంది. మనిషికి మెదడు పొరల్లో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ చేరింది. ఆస్పత్రిలో యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించారు, తలనొప్పి తగ్గింది, ఇంటికి పంపారు. కొన్ని వారాలకు ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులు, మొదలైంది. ఒంట్లో కాస్త కండ పడుతోంది, రెండు పూటలా అన్నం తింటున్నాడు. ఇంతలో ఒకరోజు మళ్ళీ అదే తలనొప్పి, అవే వాంతులు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. తలనొప్పిని ఇంట్లో పెట్టుకుని కూర్చోకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి వెన్నులో నీటి ఒత్తిడి కొలిపించుకోండి. మిగతా వివరాలు ఓపికున్నప్పుడు చదువుకోవచ్చు.

అసలు జరిగేదేమిటి? హెచ్‌ఐవీ వల్ల ఒంట్లో కాపలా కాసే కణాలు ఇన్నాళ్ళూ పడకేసి ఉన్నాయి. ఏఆర్‌టీతో అవి లేస్తాయి. లేచీ లేవగానే మెదడు చుట్టూ మిగిలిన ఫంగస్ మీద, చచ్చిపోయిన ఫంగస్ ముక్కల మీద కూడా విరుచుకుపడతాయి. దాంతో మెదడు పొరలు వాస్తాయి, మెదడు నుంచి వెన్ను దాకా ఉండే నీటి ఒత్తిడి పెరుగుతుంది. దీన్ని డాక్టర్లు ఐరిస్ అంటారు. మొదటి మూడు నెలల్లో ఎక్కువ, కొందరికి ఏడాది దాకా కూడా రావచ్చు. మందులు మొదలుపెట్టేనాటికి సీడీ4 (ఆ కాపలా కణాల లెక్క) బాగా తక్కువగా ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. ఇంకో రకం కూడా ఉంది. ఫంగస్ ఉన్న సంగతే ఎవరికీ తెలియదు, ఏఆర్‌టీ మొదలైన కొద్ది వారాలకి అది బయటపడుతుంది.

కానీ తలనొప్పి వచ్చిందంటే ఐరిసేనని మీరే తీర్పు చెప్పేయకండి. ఫంగస్ తిరగబెట్టినా ఇలాగే ఉంటుంది, మెదడుకి టీబీ వచ్చినా ఇలాగే ఉంటుంది. పైకి చూసి చెప్పడం డాక్టర్ల వల్లే కాదు. ఈ మూడింటికీ వైద్యం వేరువేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ కవరులో ఇవన్నీ వేసి తలుపు వెనక మేకుకి తగిలించండి. అర్ధరాత్రి బీరువా వెతుక్కునే పని ఉండదు.

- ఏఆర్‌టీ సెంటర్లో ఇచ్చిన గ్రీన్ బుక్
- ఫంగస్‌కి చేరినప్పటి డిశ్చార్జి కాగితం, అప్పటి వెన్నునీటి రిపోర్టులు
- చివరి సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పేది), క్రియాటినిన్, పొటాషియం రిపోర్టులు
- వాడుతున్న బిళ్ళలన్నీ స్ట్రిప్పులు, డబ్బాలతో సహా
- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను
- థర్మామీటర్
- సంగతి తెలిసిన, పిలిస్తే వచ్చే ఒక మనిషి ఫోన్ నంబరు

ఆ చివరిది చాలామందికి ఉండదు. ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేక ఒంటరిగా మందులు వాడేవాళ్ళు ఎందరో. మీదీ అదే పరిస్థితైతే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్‌కి డబ్బులు ఖర్చవ్వవు.

1. నోటు పుస్తకం మొదటి పేజీలో మూడు తేదీలు రాయండి

ఫంగస్ మందు మొదలైన తేదీ. ఇంటికొచ్చిన తేదీ. ఏఆర్‌టీ మొదలైన తేదీ. క్యాజువాలిటీలో డాక్టర్ మొదట అడిగేవి ఇవే. "మొన్న సంక్రాంతి ముందండీ" అంటే ఆయనకి లెక్క తేలదు.

ఫంగస్ మందు మొదలైన తేదీకీ ఏఆర్‌టీ తేదీకీ మధ్య సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంటాయి. "హెచ్‌ఐవీ మందులివ్వకుండా తిప్పుతున్నారు" అని చాలామంది కోప్పడతారు. అది అలసత్వం కాదు. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. వారం, రెండు వారాల్లోనే ఏఆర్‌టీ మొదలెట్టినవాళ్ళలో ఆరు నెలలు తిరిగేసరికి నూటికి 45 మంది పోయారు. సుమారు 5 వారాలు ఆగి మొదలెట్టినవాళ్ళలో 30 మంది. కాబట్టి ఆగమంటే ఆగండి. తెలిసినవాళ్ళ చేత చెప్పించి ముందు మొదలెట్టించుకోవద్దు.

డిశ్చార్జి కాగితంలో యాంఫోటెరిసిన్ ఒక్కరోజే ఎక్కించినట్టు ఉంటే కంగారు పడకండి. లైపోసోమల్ రకాన్ని ఒకే పెద్ద మోతాదుగా ఇచ్చి, రెండు వారాలు ఫ్లూసైటోసిన్, ఫ్లూకోనజోల్ బిళ్ళలు వాడే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి సిఫారసు చేస్తోంది.

2. ఫ్లూకోనజోల్ బిళ్ళలు లెక్కపెట్టండి

నేను చూసిన పొరపాట్లలో పెద్దది ఇక్కడే ఉంది, అందుకే కొంచెం సాగదీస్తాను.

ఏఆర్‌టీ చేతికి రాగానే "అసలు మందు వచ్చేసింది కదా" అని ఫంగస్ బిళ్ళలు పక్కన పెట్టేస్తారు. పెట్టకూడదు. మొదటి రెండు వారాల వైద్యం అయ్యాక 8 వారాలపాటు రోజుకి 800 ఎంజీ, తర్వాత రోజుకి 200 ఎంజీ చొప్పున చాలాకాలం వాడాలి. లివర్, కిడ్నీలని బట్టి మీ డాక్టర్ వేరే మోతాదు రాస్తే అదే పాటించండి.

ఇప్పుడు స్ట్రిప్పు తిప్పి చూడండి. మెడికల్ షాపుల్లో విరివిగా దొరికే ఫ్లూకోనజోల్ 150 ఎంజీ బిళ్ళ. తామరకీ, ఆడవాళ్ళ ఇన్ఫెక్షన్లకీ వాడేది అదే. 200 రాసిన చీటీకి "రెండూ ఒకటేనమ్మా" అని 150 ఇచ్చేస్తారు. ఒకటి కాదు. 800 అంటే 200 బిళ్ళలు నాలుగు. అదే నాలుగు 150 బిళ్ళలు వేసుకుంటే 600 దగ్గర ఆగిపోతారు. నెలరోజులు ఇలాగే నడిచిన మనిషిని వార్డులో చూశాను. ఐరిసేమోనని అందరం తలలు పట్టుకుంటే, వాళ్ళమ్మ కొంగున కట్టుకొచ్చిన ఖాళీ స్ట్రిప్పుతో అసలు సంగతి బయటపడింది.

ప్రతి ఆదివారం మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. లెక్క తేడా వస్తే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. మానేసినట్టు చెబితే తిడతారన్న భయంతో "అన్నీ వేస్తున్నాను" అంటే, తిరగబెట్టిన ఫంగస్‌ని ఐరిస్ అనుకునే ప్రమాదం ఉంది.

మూడు జాగ్రత్తలు. టీబీ మందులు కూడా మొదలైతే అందులోని రిఫాంపిసిన్ అటు ఫ్లూకోనజోల్ బలాన్నీ, ఇటు ఏఆర్‌టీలోని డోలుటెగ్రావిర్ బలాన్నీ తగ్గిస్తుంది. రెండింటి మోతాదూ మార్చాలేమో అడగండి. డోలుటెగ్రావిర్‌ని గ్యాస్ సిరప్‌తో కలిపి వేసుకోకండి, సిరప్‌కి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోండి. ఐరన్, క్యాల్షియం బిళ్ళలకీ ఇదే లెక్క. ఆడవాళ్ళకి నెల తప్పితే ఆ వారమే డాక్టర్‌కి చెప్పాలి, ఎక్కువ మోతాదు ఫ్లూకోనజోల్ కడుపులో బిడ్డకి మంచిది కాదు.

3. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాల పరీక్ష

మనిషి లేవగానే, మంచం దిగకముందే చేయండి. ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి పడుకుని ఉన్నప్పుడు, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది.

- తలనొప్పి పదిలో ఎంత? పుస్తకంలో అంకె వేయండి.
- జ్వరం ఎంత?
- రాత్రి నుంచి వాంతులు ఎన్ని?
- గోడ మీది క్యాలెండర్ చూపించి ఇవాళ తారీఖు చదవమనండి. అంకెలు రెండేసి కనిపిస్తున్నాయా? ఒక్కో కన్నూ మూసి మళ్ళీ చదివించండి.
- మాట తేడాగా ఉందా? పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నాడా? వినికిడి తగ్గిందా?
- మెడ దగ్గర, చంకల్లో కొత్తగా గడ్డలు తగులుతున్నాయా? కొత్తగా దగ్గు వచ్చిందా? ఐరిస్ తలలోనే రావాలని లేదు.

తలనొప్పి అంకె ముందు రోజుకంటే రెండు పెరిగినా, రెండు రోజులు వరసగా పెరుగుతూ పోయినా తర్వాతి అంచెకి వెళ్ళండి. ఈ రెండు అన్న లెక్క నా అనుభవంలోది, పుస్తకంలోది కాదు. మీకు అనుమానం వస్తే అంకె కోసం ఆగక్కర్లేదు.

డోలుటెగ్రావిర్ మొదలైన కొత్తలో కొందరికి కాస్త తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, నిజమే. ఫంగస్ చరిత్ర లేనివాళ్ళు ఆ మాట చెప్పుకుని ఊరుకోవచ్చు. మీరు ఊరుకోకూడదు.

4. తలనొప్పి తిరిగొచ్చిన రోజు

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి: ఫిట్స్, మగత, తికమక మాటలు, చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం, ఒక పక్క చెయ్యీ కాలూ లాగేయడం, ఆగని వాంతులు. ఇవేవీ లేకుండా తలనొప్పి, జ్వరం మాత్రమే ఉంటే ఆ పూటే బయల్దేరండి. ఏఆర్‌టీ సెంటర్ తెరిచి ఉండే వేళైతే అక్కడికి, మూసేస్తే క్యాజువాలిటీకి. సోమవారం దాకా ఆగుదామనుకోవద్దు.

బయల్దేరే ముందు పారాసిటమాల్ వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వద్దు. యాంఫోటెరిసిన్ ఇప్పటికే కిడ్నీల మీద దెబ్బ కొట్టి ఉంటుంది, ఏఆర్‌టీలోని టెనోఫోవిర్ కూడా వాటి మీద భారం వేసేదే.

స్టెరాయిడ్ బిళ్ళ అసలే వద్దు. డెక్సామెథసోన్ వేస్తే వాపు తగ్గుతుందని షాపువాళ్ళూ చెబుతారు, ఊళ్ళో ఆర్‌ఎంపీలూ ఇస్తారు. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంటుంది, మోసమంతా అందులోనే ఉంది. అడుగున ఫంగస్ బతికే ఉంటే స్టెరాయిడ్ దానికి ఎరువేసినట్టే. వియత్నాం, ఉగాండా లాంటి ఆరు దేశాల్లో ఈ జబ్బుకి మొదటి నుంచీ డెక్సామెథసోన్ ఇచ్చి చూశారు. మేలు లేకపోగా ఫంగస్ పోవడం ఆలస్యమైంది, అవిటితనం పెరిగింది, మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. ఐరిస్ అని తేలాక కొందరికి డాక్టర్లు స్టెరాయిడ్ ఇస్తారు, ఆ సంగతి వేరు.

ఏఆర్‌టీ ఆపాలా? మీరు ఆపకండి. ఆరోజు మాత్ర కూడా టైముకే వేయండి. వాంతిలో పడిపోతే ఎన్ని గంటలకి పడిపోయిందో రాసి తీసుకెళ్ళండి. ఐరిస్ వచ్చినా చాలామందికి ఏఆర్‌టీ కొనసాగిస్తూనే వైద్యం చేస్తారు.

ఎక్కడికి? విశాఖ నగరంలో ఉంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి). అనకాపల్లి, పాడేరు వైపు మనిషి మగతగా ఉంటే ముందు దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో పంపించమనండి. ఇద్దరి మధ్య బైక్ మీద కూర్చోబెట్టి ఘాట్ దించకండి. దారిలో ఫిట్స్ వస్తే పట్టుకోవడానికి చేతులు చాలవు.

5. క్యాజువాలిటీలో ఈ మాటలు చెప్పండి

"క్రిప్టోకాకల్ మెనింజైటిస్ వచ్చి తగ్గింది. ఫలానా తేదీన ఏఆర్‌టీ మొదలైంది. ఇన్ని రోజులుగా మళ్ళీ తలనొప్పి. ఫ్లూకోనజోల్ రోజుకి ఇంత వాడుతున్నాడు."

ఇంతే. ఉత్త "తలనొప్పండీ, వాంతులండీ" అంటే గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపించేసే అవకాశం ఉంది. చుట్టూ జనం ఉన్నారని నోరు రాకపోతే గ్రీన్ బుక్, నోటు పుస్తకం మొదటి పేజీ చేతికివ్వండి. మీ సంగతి గుట్టుగా ఉంచడం వాళ్ళ బాధ్యత, 2017 హెచ్‌ఐవీ చట్టం ఆ హక్కు ఇస్తోంది. ఆ జబ్బని వైద్యం నిరాకరించడం కూడా చట్టరీత్యా తప్పే.

6. వెన్నులో నీరు తీయడానికి ఒప్పుకోండి

"వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయట" అన్న మాట వల్ల పోయిన ప్రాణాలున్నాయి. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. సూది దానికి దిగువన వెళ్తుంది. ఫిట్స్, ఒక పక్క బలహీనత, బాగా మగత ఉంటే ముందు స్కాన్ తీస్తారు. అది మంచిదే, అడ్డు చెప్పకండి.

అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ప్రెషర్ ఎంత వచ్చిందండీ?" పక్కకి పడుకోబెట్టి కొలవాలి, కూర్చోబెడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఒత్తిడి కొలిచే మానోమీటర్ లేని రాత్రుళ్ళు డాక్టర్లు సెలైన్ సెట్ గొట్టాన్ని సూదికి తగిలించి, నిటారుగా పట్టుకుని టేపుతో కొలవడం చూశాను. నీరు మెల్లగా పైకి పాకుతుంది. 20 సెంటీమీటర్ల లోపు ఆగితే సరి. 25 దాటితే ఎక్కువ. 40 దాకా పోయి ఇంకా ఎక్కుతూనే ఉన్న రోజులున్నాయి. అప్పుడు ఒత్తిడి 20 లోపుకో, కనీసం సగానికో వచ్చేదాకా నీరు తీస్తారు. గోడవైపు ముడుచుకుని మూలుగుతున్న మనిషి, సీసాలోకి ఆ చుక్కలు పడుతుండగానే "దిగిందమ్మా" అని కళ్ళు తెరుస్తాడు. అంత త్వరగా పనిచేసే మందు నాకు ఇంకొకటి తెలియదు.

ఒత్తిడి మళ్ళీ పెరిగితే రోజూ తీయాల్సి రావచ్చు. మూడోరోజు "ఎన్నిసార్లు గుచ్చుతారు" అని సంతకం పెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వెళ్ళకండి, చూపు పోయేది ఇక్కడే. నీరు తీశాక కూర్చుంటే వచ్చి, పడుకుంటే తగ్గే తలనొప్పి సూది వల్ల వచ్చేది, చాలామందికి కొద్ది రోజుల్లో అదే పోతుంది.

7. రిపోర్టు చూసి భయపడకండి, సంబరపడకండి

క్రిప్టోకాకల్ యాంటిజెన్ పాజిటివ్: ఇది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. ఫంగస్ చచ్చినా దాని పొట్టు మిగులుతుంది, పరీక్ష ఆ పొట్టునే పడుతుంది. జబ్బు తిరగబెట్టిందనడానికి ఇదొక్కటీ చాలదు. బయట ల్యాబ్‌లో మళ్ళీ మళ్ళీ చేయించి డబ్బు తగలేయకండి.

ఇండియా ఇంక్‌లో (వెన్నునీటికి సిరా కలిపి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) ఫంగస్ కనబడింది: చచ్చిన ఫంగస్ కూడా అలాగే కనబడుతుంది.

కల్చర్ (వెన్నునీటిలోంచి ఫంగస్ మొలుస్తుందేమో ల్యాబ్‌లో చూసే పరీక్ష): తీర్పు చెప్పేది ఇదే. పంపారో లేదో అడిగి తెలుసుకోండి. మొలిస్తే ఫంగస్ బతికే ఉంది, మళ్ళీ గట్టి ఫంగస్ వైద్యం కావాలి. మొలవకపోతే ఐరిస్ వైపు మొగ్గుతుంది. తేలడానికి రెండు వారాలు పట్టవచ్చు. ఆలోగా డాక్టర్లు ఫంగస్ మందు మోతాదు పెంచి ఉంచితే అది ముందుజాగ్రత్త.

సీబీనాట్ (టీబీ క్రిమిని పట్టే పరీక్ష): అదే వెన్నునీటిలోంచి చేస్తారు. నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని ఖాయం కాదు.

8. స్టెరాయిడ్ రాసిస్తే

ఎన్ని వారాలు, ఏ వారం ఎంత తగ్గించాలో కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా కొన్ని వారాలపాటు ఇచ్చి మెల్లగా దించుతారు. బాగుందని ఒక్కసారిగా ఆపేస్తే వాపు తిరిగి రావచ్చు. షుగర్ చూపించుకోండి. స్టెరాయిడ్ ఉన్నన్నాళ్ళూ ఫ్లూకోనజోల్ ఒక్కరోజు కూడా తప్పకూడదు.

కోలుకుంటున్నట్టు ఎలా తెలుస్తుంది? పుస్తకంలో తలనొప్పి అంకె వారం వారం దిగాలి. క్యాలెండర్ అంకెలు ఒక్కటిగా కనబడాలి. స్టెరాయిడ్ మోతాదు తగ్గించిన మూడు నాలుగు రోజుల్లో అంకె మళ్ళీ ఎక్కితే అది గమనించాల్సిన గుర్తు. పాత మోతాదు మీరే వేసేసుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇంకా తరచూ అడిగేవి

పావురాలు. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, వాటిని తరిమేస్తే తలనొప్పి తగ్గుతుందా అని అడిగింది. ఈ ఫంగస్ పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది నిజమే, రెట్ట ఊడ్చే పని పేషెంట్‌కి పెట్టకండి. కానీ ఐరిస్ కొత్తగా పీల్చిన ఫంగస్‌తో రాదు, లోపల ఉన్నదానితోనే వస్తుంది.

అంటుకుంటుందా? మనిషి నుంచి మనిషికి అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టి ఆ మనిషిని ఏడిపించకండి.

ఫ్లూకోనజోల్ 200 ఎప్పుడు ఆపుతారు? కనీసం ఏడాది వాడాక, ఏఆర్‌టీ సక్రమంగా సాగుతూ, సీడీ4 200 దాటితే. వైరల్ లోడ్ అదుపులో ఉందని పరీక్షలో తేలితే 100 దాటినా సరిపోతుంది. గ్రీన్ బుక్‌లో డాక్టర్ "ఆపండి" అని రాసిన రోజే ఆపండి.

ఏఆర్‌టీ మానేసి, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మొదలెట్టేవాళ్ళకీ ఇదే ప్రమాదం ఉంది. సిగ్గుపడి సంగతి దాచకండి. మొదటి మాత్ర వేసుకునేలోపే సీడీ4 చేయించుకోండి. అది 100 లోపుంటే, రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ చూడమని అడగండి. కొద్దిపాటి రక్తంతో పది నిమిషాల్లో తేలే పరీక్ష అది. పాజిటివ్ వస్తే తలనొప్పి లేకపోయినా ముందు వెన్నునీరు చూసి, ఫంగస్ మందు ఇచ్చి, ఆ తర్వాతే ఏఆర్‌టీ మొదలెడతారు.